పదకొండు కేంద్రాలకు ఒక్క పేరు

మార్చి 8
బయట 47. లోపల 3. ఈ రోజు వచ్చినవారు 9. మొత్తం 61.

బయటి వేడి, లోపలి చలి, మనుషుల లెక్కలు: రోజువారీ నమోదు ఈ నాలుగు అంకెలతో ముగించాలని ఉత్తర్వు. కింద ఖాళీ చాలా ఉంది. పగలంతా బయట అడుగుపెట్టే వీలు లేదు, మాట్లాడటానికి ఇద్దరే మనుషులు. అందుకని మిగతాది కూడా రాస్తున్నాను.

నా పేరు కొండ్రు సులోచన. మొన్నటిదాకా నడికూరు మిర్చి యార్డులో కంప్యూటర్ పని చూసేదాన్ని. ఈ నెల మూడో తేదీన ప్రభుత్వం ఈ కోల్డ్ స్టోరేజీని స్వాధీనం చేసుకుంది. మిర్చి నింపిన టిక్కీ బస్తాలన్నీ బయటికి లాగించి, ఆ చెక్క అరల మీద చనిపోయిన మనుషుల్ని పడుకోబెట్టారు. నన్ను నాలుగో నంబరు కేంద్రానికి నోడల్ అధికారిని చేశారు. జిల్లాలో ఇలాంటి కేంద్రాలు పదకొండు.

వచ్చేవాళ్లంతా మిరప కోతలకు వచ్చిన వలస కూలీలు. చేలో కూలిపోయినవాళ్లు, ట్రాక్టరు తొట్టిలోకి ఎక్కించేసరికి ప్రాణం పోయినవాళ్లు. మేస్త్రీలు తెల్లారగానే గేటు దగ్గర దించేసి వెళ్లిపోతారు. పేరు అడిగితే తెలియదంటారు. చెబితే తమ పేరు కూడా రాసుకుంటామని భయం.

డాక్టర్ కమలాకర్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. ఒక్కొక్కరి ఒంటి వేడి చూసి, చర్మం చూసి, కాగితం మీద 'వడదెబ్బ' అని రాసి సంతకం పెడతాడు. నేను ముఖం ఫొటో తీసి, చేతికి నంబరు కడతాను. కంప్రెసర్లు చూసేది మస్తాన్ వలీ బాబాయ్. ముప్పై ఏళ్లుగా ఈ గోడల మధ్యే ఉన్నాడు. అరల్లోంచి మిరప ఘాటు ఇంకా పోలేదు. ఫొటో తీస్తూ తీస్తూ తుమ్ముతాను, తుమ్మినందుకు సిగ్గుపడతాను.

"ఎన్ని నీళ్లతో కడిగినా పోదమ్మా ఇది," అన్నాడు బాబాయ్. "పాపం, వీళ్లు కోసిన కాయ వాసనే వీళ్లకి."

ఎవరూ గుర్తుపట్టకపోతే ఇరవై ఒకటో రోజున దహనం. అదీ ఉత్తర్వులోనే ఉంది.

మార్చి 10
బయట 47. లోపల 3. వచ్చినవారు 11. మొత్తం 80.

ఇంటర్నెట్‌లో ఒక పేజీ తయారు చేశాను. ముఖం, సుమారు వయసు, దొరికిన చోటు, మరణ కారణం, నంబరు. ఎవరైనా తమ మనిషిని చూసుకుని ఆ నంబరు పట్టుకుని వస్తే లోపలికి తీసుకెళ్లి చూపించవచ్చు. నంబరు లేనిదే ఎవరినీ రానివ్వకూడదు.

బాబాయ్ ఫోనులో తెరిచి చూశాం. ముఖం ఉండాల్సిన ప్రతి చోటా నల్లటి చదరం.

తెలిసిందే, అయినా పేజీ మూసి మళ్లీ తెరిచి చూశాను. పన్నెండేళ్ల కిందట దొంగలు బతికున్నవాళ్లను శవాల్లా చూపే నకిలీ ఫొటోలు తయారు చేసి, డబ్బు కోసం ఇళ్లకు పంపేవారు. మా అమ్మకూ వచ్చింది. నేను వంటింట్లో కూర తిరగమోత వేస్తున్నాను, అమ్మ వసారాలో నా శవం చూసి కూలబడిపోయింది. ఆ తర్వాత చట్టం వచ్చింది. ప్రభుత్వ పేరు లేని వెబ్‌సైటు నుంచి వచ్చే ఏ మనిషి ముఖమూ ఇప్పుడు ఫోనులో కనపడదు. ఆ చట్టం వచ్చిన రోజు అమ్మ గుడ్‌ఫ్రైడే ఉపవాసంలా ఏమీ తినకుండా ప్రార్థన చేసింది, దేవుడికి కృతజ్ఞతగా.

కాబట్టి మాకు ఒక పేరు కావాలి. ప్రభుత్వం అనే పెద్ద పేరు కింద ఒక చిన్న పేరు. సబ్‌డొమైన్ అంటారు. యార్డులో ఉన్నప్పుడు వాటిని వాడటమే కానీ, దరఖాస్తు పెట్టడం ఎప్పుడూ లేదు.

దరఖాస్తు సులువుగానే ఉంది. సంస్థ, ఉద్దేశం, కోరిన పేరు, శాఖాధిపతి లేఖ, నోడల్ అధికారి ఫోను. కోరిన పేరు దగ్గర 'వడదెబ్బమృతులు' అని రాశాను. మూడు పనిదినాల్లో జవాబు వస్తుందని తెర మీద వచ్చింది.

మార్చి 13
బయట 48. లోపల 3. వచ్చినవారు 13. మొత్తం 115.

తిరస్కరించారు. 'కోరిన పేరులోని రెండు పదాలు ప్రజల్లో ఆందోళన కలిగించే పదాల జాబితాలో ఉన్నవి.' అంతే, ఇంకో మాట లేదు.

'గుర్తింపు' అని పెట్టాను. అది కార్డుల శాఖ వాళ్లది. 'మనవాళ్లు' అని పెట్టాను. ఏదో పథకానికి దాచి ఉంచారట. నాలుగోసారి పేరు దగ్గరికి వెళ్లనే లేదు, శాఖాధిపతి లేఖ లేదని ఆపేశారు.

మేం ఏ శాఖో నాకు తెలియదు. వైద్య శాఖకు ఫోన్ చేస్తే, డాక్టర్ మావాడే కానీ భవనం మాది కాదన్నారు. విపత్తుల వాళ్లు, విపత్తు ప్రకటించలేదు కదా అన్నారు. మార్కెటింగ్ వాళ్లు, మా స్టోరేజీ ఎప్పుడు ఖాళీ చేస్తారని నన్నే అడిగారు.

మార్చి 15
బయట 48. లోపల 3. వచ్చినవారు 14. మొత్తం 142.

పొద్దున్నే గేటు దగ్గర ఒకావిడ కనిపించింది. ముప్పై అయిదేళ్లుంటాయి. తల మీద తడిపిన గోనెపట్టా. పేరు ఉరుకుందమ్మ, ఆదోని అవతల ఏదో పల్లె. చెల్లెలి కోసం వచ్చింది.

"ఈరమ్మ అని మేడం. ఇరవై నాలుగేండ్లు. ఒకటో తారీకు దాంక దినామూ ఫోన్ జేసేది. ఆపైన ల్యాదు. మేస్త్రీ నడిగితే ఊరికి పోయె అంటాడు. ఊర్లో నేనే ఉంటి గద, యాడికొచ్చె?"

"నంబరు ఉందా?"

"ఏం నంబరు?"

నంబరు పేజీలో ఉంటుంది. పేజీకి పేరు లేదు. డాక్టర్ నా వైపు చూసి లోపలికి వెళ్లిపోయాడు, చూడనట్టు. ఆమెను కాటా గదిలో కూర్చోబెట్టి, నా చేతిలో ఉన్న టాబ్లెట్‌లో ఆడవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూపించాను. డెబ్బై నాలుగు. ఒక్కో ముఖానికీ "కాదు" అంటూ పోయింది. ఒక్క చోట ఆగింది.

"ఈ పిల్లది మా పక్కూరే. సంతలో సూసినా. పేరు తెల్దు."

చివరిదాకా చూశాం. ఈరమ్మ లేదు. ఆమె ముఖంలో సంతోషం వస్తుందేమో అనుకున్నాను, రాలేదు.

"ఇట్లాంటియి ఇంకా ఎన్ని ఉండాయి?"

"పది."

"యాడయాడ?"

పది కేంద్రాల పేర్లూ చీటీ మీద రాసిచ్చాను. చదువు రాదంటే, బస్సు కండక్టరుకు చూపించమన్నాను. నా ఫోన్ నంబరు కూడా రాశాను. బాబాయ్ రెండు సీసాల నీళ్లు, తన గొడుగు ఇచ్చాడు.

"తొమ్మిది దాటితే ఎక్కడో ఒక నీడన ఆగిపో అమ్మా. నువ్వు గూడా ఈ అరల మీదకి రాబోకు," అన్నాడు.

ఆమె వెళ్లాక మూడు కేంద్రాలకు ఫోన్ చేశాను, ఇలా ఒకావిడ వస్తుంది, చూపించండి అని చెబుదామని. ఒక్కరూ ఎత్తలేదు.

మార్చి 18
బయట 49. లోపల 4. వచ్చినవారు 16. మొత్తం 187.

ఐసు బండి వెనక ఎక్కి జిల్లా కార్యాలయానికి వెళ్లాను. ఒక సంయుక్త సంచాలకుడి గది ముందు పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా కూర్చున్నాను. నా బట్టల్లోంచి మిరప ఘాటు, ఇంకో వాసన కూడా వస్తున్నట్టుంది, పక్క కుర్చీలు ఖాళీ అయ్యాయి. చివరికి ఆయనే బయటికి వచ్చి, లేఖ మీద నిలబడే సంతకం పెట్టాడు. ఏ శాఖ అని నేనూ అడగలేదు.

తిరిగొచ్చాక దరఖాస్తు మళ్లీ పెట్టాను. ఈసారి పదకొండు కేంద్రాలకూ కలిపి ఒక్క పేరు. అన్ని చోట్ల ముఖాలూ ఒక్క పేజీలో ఉంటే, ఉరుకుందమ్మలాంటి వాళ్లు ఎండలో పదకొండు గేట్లు తిరగక్కర్లేదు. మిగతా పది మందికీ రాశాను. ఫొటోలు పంపుతామని ఎనిమిది మంది ఒప్పుకున్నారు. ఆ సాయంత్రానికే ఏడో కేంద్రం వాళ్లు రెండు వందల పైచిలుకు పంపారు, అన్నీ నంబర్లతో, పేర్లు లేకుండా. అవి యంత్రంలోకి ఎక్కించేశాను. ఒక్కొక్కటి తెరిచి చూసే తీరిక లేదు.

పేరు 'ఆచూకీ' అని పెట్టాను. జాబితాలో లేని పదం.

మార్చి 20
బయట 49. లోపల 3. వచ్చినవారు 15. మొత్తం 218.

పేర్ల విభాగం నుంచి విశ్వంభర్ గారని ఒకాయన ఫోన్ చేశారు. గొంతు పెద్దవాడిలా, మర్యాదగా ఉంది.

"సులోచన గారూ, ఆచూకీ చాలా మంచి పేరండీ. ఖాళీగా ఉంది. లేఖ సరిపోయింది. నేనే ఇవ్వగలను, పైకి పంపక్కర్లేదు."

"ఇవ్వండి సార్. మూడో తేదీన వచ్చినవాళ్లకు ఇంక నాలుగు రోజులే ఉంది."

"మీ పేజీలో ఒక గడి ఉందమ్మా. మరణ కారణం."

"ఉంది సార్."

"అది తీసేయాలి. తీసేసి, పదకొండు కేంద్రాల్లోనూ మరణ కారణం నిర్ధారణ కాలేదని నోడల్ అధికారిగా మీరు ఒక ప్రకటన మీద సంతకం చేయాలి. సాయంత్రానికల్లా పేరు మీ చేతిలో ఉంటుంది."

కారణం నేను అడగక్కర్లేకపోయింది. ఆయనే చెప్పారు. ప్రభుత్వ పేరు కింద కనపడే ప్రతి అక్షరమూ ప్రభుత్వం అన్నట్టే. మరణాలు లెక్కపెట్టే ప్రభుత్వ యంత్రం వాటినే చదువుతుంది, ఇంకేదీ చదవదు. జిల్లాలో ఈ ఏటి వడదెబ్బ మరణాలు దాని లెక్కలో తొంభై నాలుగు. నూరు దాటితే ఎవరి సంతకమూ లేకుండానే నిషేధం పడుతుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా చేలల్లో మనిషి ఉండకూడదు. ట్రాక్టర్లు కదలవు, కాటాలు తూచవు, యార్డు గేట్లు తెరుచుకోవు. కోతలు ఇంకా నెల ఉన్నాయి.

పదకొండు కేంద్రాల్లో ఇప్పుడు పందొమ్మిది వందల మంది ఉన్నారు.

"నన్ను చెడ్డవాణ్ణి అనుకోకండి," అన్నారాయన. "ఆ గడి ఉంటే ఈ ఫైలు ఎవరూ ముట్టుకోరు. మీకు పేరూ రాదు, లెక్కా మారదు. గడి లేకపోతే కనీసం వాళ్ల వాళ్లయినా చూసుకుంటారు."

డాక్టర్‌తో మాట్లాడి చెబుతానన్నాను. కమలాకర్ విన్నంతసేపూ చేతి తొడుగులు తీయలేదు.

"పెట్టొద్దు మేడమ్. ఈ రోజు పదిహేను మంది వచ్చారు. రేపు ఎంతమంది? మీరు సంతకం పెడితే రేపూ చేలల్లోకి దిగుతారు, ఎల్లుండీ దిగుతారు. ఆ ఒక్క గడే వాళ్లని ఆపగలిగేది."

"గడి ఎవరికీ కనపడకపోతే అదెలా ఆపుతుంది?"

"నాలుగు రోజులు ఆగండి. ఈ కాగితాలన్నీ కార్మిక న్యాయస్థానానికి పంపుతాను. వాళ్లు అడిగితే పేర్ల విభాగం ఇచ్చి తీరాలి."

విశ్వంభర్ గారికి ఫోన్ చేసి, సంతకం పెట్టనని చెప్పాను. ఫైలు పక్కన పెడతానని, మనసు మారితే చెప్పమని ఆయన అన్నారు. ఫోన్ పెట్టేశాక గర్వంగా అనిపించింది నాకు. అది కూడా ఇక్కడ రాసి ఉంచాలి.

మార్చి 22
బయట 50. లోపల 4. వచ్చినవారు 19. మొత్తం 254.

న్యాయస్థానం నుంచి జవాబు వచ్చింది. పేరు లేని కేంద్రం నుంచి వచ్చిన పత్రాలను స్వీకరించే వీలు లేదట. కమలాకర్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ పంపుతానన్నాడు, ఈసారి మనిషితో.

మధ్యాహ్నం బాబాయ్ కంప్రెసరు గదిలోంచి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏందమ్మా, సంతకం పెట్టనన్నావంట?"

"పెడితే చేలల్లో పని ఆగదు బాబాయ్."

"పెట్టకపోతే ఆగిద్దా?"

"ఆగే వీలుంది."

"నాకు చదువు లేదు, లెక్కలు తెలవ్వు. మా తమ్ముడు గుజరాత్ పోయి ఆడే పోయాడు. ముఖం చూడలా. నలభై ఏళ్లయింది. ఇప్పటికీ గడప దగ్గర ఎవరన్నా నిలబడితే వాడేమో అనుకుంటా." అని వెళ్లిపోయాడు. వాదించలేదు, అడగలేదు.

మార్చి 24
బయట 49. లోపల 3. వచ్చినవారు 17. దహనం 17. మొత్తం 272.

మూడో తేదీన వచ్చినవాళ్లను తీసుకెళ్లారు. దహన వాహనం ఆవరణలోకే వచ్చింది. చప్పుడు లేదు, పొగ కూడా పెద్దగా లేదు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. బూడిద తెల్లటి డబ్బాలో పోసి, మూత మీద నంబరు అతికించి నాకు ఇచ్చారు.

పదకొండో వంతు ఉరుకుందమ్మ పక్కూరి పిల్లది. సంతలో చూశానంది. నేను ఆ పిల్ల జుట్టు సరిచేసి ఫొటో ఇంకోసారి తీశాను, ఎందుకో తెలియదు.

పదకొండు కేంద్రాల్లోనూ ఇదే రోజు, ఇదే పని. అన్నీ మూడో తేదీనే తెరిచారు మరి.

మార్చి 25
బయట 49. లోపల 3. వచ్చినవారు 18. దహనం 8. మొత్తం 282.

సంతకం పెట్టాను.

కమలాకర్‌కు ముందే చెప్పాను. దొంగతనంగా చేయడం ఇష్టం లేకపోయింది.

"నేను ఇన్ని వందల కాగితాలు రాశాను మేడమ్. అన్నీ అబద్ధమని మీరు ప్రభుత్వానికి రాసిస్తున్నారు."

"అబద్ధమని రాయలేదు. తేలలేదని రాశాను."

"తేల్చింది నేను. మీ పక్కనే నిలబడి తేల్చాను."

అతను లేచి లోపలికి వెళ్లి, ఆ రోజు వచ్చిన పద్దెనిమిది మంది దగ్గరా ఎప్పటిలాగే ఒంటి వేడి చూశాడు, కాగితం రాశాడు. నాతో మాట్లాడటం మాత్రం మానేశాడు.

ప్రకటన ఒక్క పేజీ. 'మరణ కారణం నిర్ధారణ కాలేదు' అన్న వాక్యం కింద నా పేరు, నా హోదా, తేదీ. నా వేలిముద్ర పడగానే విశ్వంభర్ గారు ఫోన్ చేసి, రేపు పొద్దున్నే పేరు తెరుచుకుంటుందన్నారు. మంచి పని చేశారన్నారు. ఆయన గొంతులో నిజంగానే ఊరట వినిపించింది.

మార్చి 26
బయట 50. లోపల 3. వచ్చినవారు 20. దహనం 9. మొత్తం 293.

తొమ్మిదింటికి పేరు తెరుచుకుంది. ఆచూకీ. బాబాయ్ ఫోనులో చూశాం. నల్లటి చదరాలు పోయాయి. ఒక్కొక్క ముఖమే వచ్చింది, కళ్లు మూసుకుని. బాబాయ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

పదింటికి మొదటి ఫోను. పన్నెండయ్యేసరికి నా ఫోను వేడెక్కి ఆగిపోయింది. శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి, ఒడిశా నుంచి. కొందరు నంబరు చెబుతారు. కొందరు నంబరు చెప్పలేక ఏడుస్తారు. ఒక ముసలాయన, ఫొటోలో ఉన్నది తన కొడుకు కాదని నేను చెప్పేదాకా ఫోన్ పెట్టనన్నాడు. నేను చెప్పలేకపోయాను.

మార్చి 28
బయట 50. లోపల 4. వచ్చినవారు 22. తీసుకెళ్లినవారు 31. దహనం 9. మొత్తం 288.

జనం వస్తూనే ఉన్నారు. గేటు నుంచి యార్డు గోడ దాకా నీడ కోసం టార్పాలిన్లు కట్టించాను. నంబరు చూపిస్తే బాబాయ్ లోపలికి తీసుకెళ్తున్నాడు. నేను కాగితం ఇస్తున్నాను. 'కారణం: నిర్ధారణ కాలేదు.' చదవగలిగినవాళ్లు చదివి నా ముఖం చూస్తారు. ఒక నడివయసు మనిషి భార్య ఎండలో పడిపోవడం తన కళ్లతో చూశానని, ఇది మార్చి ఇవ్వమని అడిగాడు. మార్చే అధికారం నాకు లేదన్నాను. అది నిజమే. ఇప్పుడు లేదు.

జిల్లా లెక్క తొంభై నాలుగు దగ్గరే ఉంది. పొద్దున గేటు దగ్గర ఒక పక్క శవాల్ని తీసుకెళ్లే బళ్లు, ఇంకో పక్క శవాల్ని తెచ్చే ట్రాక్టర్లు. దారి సరిపోక ఒకదాని కోసం ఇంకొకటి ఆగుతున్నాయి.

మార్చి 30
బయట 51. లోపల 4. వచ్చినవారు 24. తీసుకెళ్లినవారు 40. దహనం 6. మొత్తం 258.

ఉరుకుందమ్మ వచ్చింది. వరసలో నిలబడకుండా నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చి ఫోను చూపించింది. ఏడో కేంద్రం, ఇరవై రెండో నంబరు.

"ఇది మా ఈరమ్మ. ఈ నంబరు సూపిస్తే ఏడో కేంద్రమోల్లు లేదంటారు. యాడికి పంపినారో నీకి తెలుస్తాదని వస్తి."

యంత్రంలో చూశాను. చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది కానీ చూశాను. ఆమెను లోపలికి పిలిచి కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"మూడో తేదీన తెచ్చారమ్మా. ఇరవై నాలుగున దహనం చేశారు."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"పదారు, పదేడు. ఆ రెండు దినాలూ ఆ గేటు కాడనే కూసుంటి. నంబరు ల్యాదని లోపలికి ఇడ్సలేదు. అది లోపలే ఉన్నెనా?"

"ఉంది."

ఫోనులో ఆ ముఖాన్ని మళ్లీ చూసింది. బయట ఎవరో చంటిపిల్ల ఏడుస్తోంది. తర్వాత అడిగింది.

"ఈ ఫోన్లో ముఖాలు ముందే యాల రాలే మేడం?"

ఏదైనా చెప్పవచ్చు. ఫైలు ఆలస్యమైందనో, పేర్ల విభాగం ఇవ్వలేదనో అంటే నమ్ముతుంది. తలుపు దగ్గర కమలాకర్ ఎప్పుడొచ్చాడో వచ్చి నిలబడి ఉన్నాడు. ఉన్నది చెప్పాను. ఇరవయ్యో తేదీన అడిగారని, ఒక కాగితం మీద సంతకం పెడితే ఆ సాయంత్రమే ముఖాలు కనపడేవని, అయిదు రోజులు నేను పెట్టలేదని.

"ఏం కాగితం అది?"

"వీళ్లంతా ఎందుకు చచ్చిపోయారో తెలియదని."

"తెలవకపోయేదేముంది? ఎండకి సచ్చినారు."

"అది రాస్తే చేలల్లో పని ఆపేస్తారు. అందుకే రాయొద్దన్నారు. పని ఆగాలని నేను సంతకం పెట్టలేదు. తర్వాత దహనాలు చూడలేక పెట్టేశాను."

"పని ఆగినాదా?"

"లేదు."

"నువ్వు పెట్టకుంటివి. మల్లా పెడితివి. రెండూ నువ్వే జేస్తివి." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేనేమనల్ల?"

కమలాకర్ ఏదో చెప్పబోయాడు. "ఆ అయిదు రోజులూ ఆగమన్నది నేనమ్మా," అన్నాడు. ఉరుకుందమ్మ అతని వైపు చూసింది కానీ, అతను ఎవరో కూడా అడగలేదు.

బూడిద ఎక్కడ ఇస్తారని మాత్రం అడిగింది. ఏడో కేంద్రంలోనే, డబ్బా మీద నంబరు ఉంటుందని చెప్పాను. ఇవ్వకపోతే నాకు ఫోన్ చేయమని, కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇచ్చాను. పేజీలో 'గుర్తు తెలియని స్త్రీ' అన్నది తీసేసి ఈరమ్మ అని, ఊరి పేరు అని ఎక్కించాను. చదివి వినిపించమంది. వినిపించాను.

ఆమె బయటికి నడిచేసరికి గేటులోకి ఒక ట్రాక్టరు వచ్చింది. తొట్టిలో ఒక్కడే, మీసాలున్న మనిషి, మీద పట్టా కప్పారు. మేస్త్రీ, డ్రైవరు కలిసి దించి నేల మీద పెట్టారు. నేను ఎప్పటిలాగే అడిగాను.

"పేరు?"

"తెలవదు మేడం. వేరే ముఠా వాడు," అని మేస్త్రీ ట్రాక్టరు ఎక్కబోయాడు.

ఉరుకుందమ్మ వెళ్లి ట్రాక్టరు ముందు చక్రానికి ఆనుకుని కూర్చుంది. అరవలేదు. గోనెపట్టా తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పేరు సెప్పి పో."

"లెయ్యి అక్కా, ఎండ. లెయ్యి."

"తెల్లారి పనిలోకి పిలుసుకున్యప్పుడు ఏమని పిలుస్తివి? అదే సెప్పి పో."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. వరసలో ఉన్నవాళ్లు ఒక్కరొక్కరే టార్పాలిన్ కిందనుంచి లేచి ఎండలోకి వచ్చారు. చుట్టూ నిలబడ్డారంతే. మేస్త్రీ వాళ్ల ముఖాలు చూశాడు, నేల మీద ఉన్న మనిషి వైపు చూశాడు. టవలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"హనుమేషి," అన్నాడు. "నాగలాపురం. ఇద్దరు ఆడపిల్లలు."

ఇరవై ఎనిమిది రోజుల్లో మొదటిసారి, నంబరు కంటే ముందు పేరు రాశాను. కమలాకర్ మోకాళ్ల మీద కూర్చుని ఒంటి వేడి చూశాడు. నలభై రెండున్నర అని నాకు వినపడేలా పైకి చదివాడు. ఉరుకుందమ్మ లేచి, గోనెపట్టా తడుపుకోవడానికి కుళాయి వైపు వెళ్లింది. ఏడో కేంద్రం బస్సు పదకొండింటికి.